చెడ్డ రోజున కూడా ఆగని చిన్న అలవాటు: ఎంచుకోవడం నుంచి నిలబెట్టుకోవడం దాకా

కార్తీక మాసం మొదలవగానే మన ఊళ్లలో ఒక విచిత్రం చూస్తాం. ఏడాదంతా ఎనిమిదింటికి గానీ మంచం దిగని మనిషి నాలుగున్నరకే లేచి చన్నీళ్ల స్నానం చేస్తాడు. రోజుకో పెట్టె సిగరెట్లు కాల్చేవాడు వాటి జోలికే పోడు. చాప మీద పడుకుంటాడు, చెప్పుల్లేకుండా తిరుగుతాడు, నోటి నుంచి తిట్టు రానివ్వడు. అయ్యప్ప దీక్షలో 41 రోజులు ఇలా గడిపి, శబరిమల వెళ్లొచ్చి మాల తీశాక, అందరూ కాదు గానీ కొందరు ఆ సాయంత్రమే పాత పాన్ డబ్బా దగ్గర కనిపిస్తారు. రంజాన్ నెలంతా సహరీకి లేచి పగలంతా మంచినీళ్లు కూడా ముట్టని వాళ్లలోనూ, ఈస్టర్‌కు ముందు శ్రమ దినాలు నిష్ఠగా పాటించే వాళ్లలోనూ ఇలాంటి వాళ్లుంటారు.

వీళ్లను చూసి "మనోబలం లేదు" అని తేల్చేస్తారు జనం. 41 రోజులు చన్నీళ్లు పోసుకున్న మనిషికి మనోబలం లేదంటే నేను ఒప్పుకోను. దీక్షలో అతని చుట్టూ ఒక ఏర్పాటు ఉంది. స్నానానికి, పూజకు, భిక్షకు వేళలు ముందే నిర్ణయమైపోయాయి. మెడలో మాల, ఒంటి మీద నల్లబట్టలు క్షణక్షణం గుర్తు చేస్తుంటాయి. ఎదురొచ్చిన ప్రతివాడూ "స్వామీ" అని పిలుస్తాడు. ఏది చేయొచ్చు, ఏది చేయకూడదు అన్నదాంట్లో సందేహానికి చోటు లేదు. మాల తీసిన పూటే ఈ ఏర్పాటంతా పోతుంది. పైగా అంత కఠినమైన నియమాన్ని మనిషి మోయగలిగింది దానికో ఆఖరి రోజు ఉంది కాబట్టే.

మనల్ని మనం మెరుగుపరచుకోవాలంటే కావాల్సింది ఆఖరి రోజు లేని పని. అందుకే దీక్షలోని ఏర్పాటును తీసుకుందాం, కాఠిన్యాన్ని వదిలేద్దాం. పనిని ఎంత చిన్నది చేయాలంటే, ఇంట్లో పెళ్లి ఉన్న రోజున, జ్వరం తగ్గిన మర్నాడు, ఆఫీసులో నెలాఖరు లెక్కల రోజున కూడా చేయగలిగేంత. ఈ వ్యాసంలో నేను గట్టిగా పట్టుబట్టేది ఈ ఒక్క విషయం మీదే. అలవాటు కొలత మీ చెడ్డ రోజును బట్టి ఉండాలి.

మొదటి అడుగు: కోరికను పనిగా మార్చండి

"ఆరోగ్యం బాగుచేసుకోవాలి", "ఇంగ్లీషు నేర్చుకోవాలి", "డబ్బు ఆదా చేయాలి", "పిల్లలతో ఎక్కువసేపు గడపాలి". ఇవన్నీ కోరికలు. కోరికను ఈ రాత్రి చేశారో లేదో చెప్పలేం. పక్కింటివాళ్లు కిటికీలోంచి చూసినా "అవును, చేశారు" అని చెప్పగలిగేదే పని. రాత్రి అన్నం తిన్నాక పది నిమిషాలు వీధిలో నడవడం పని. పడుకునే ముందు ఒక పేజీ పైకి చదవడం పని. స్కూలు నుంచి వచ్చిన పిల్లవాడి పక్కన ఫోన్ లేకుండా కూర్చుని ఆ రోజు ముచ్చట వినడమూ పనే.

ఒక్కదాన్నే ఎంచుకోండి. ఉగాదికో జనవరి ఒకటికో కొత్త డైరీ తెరిచి, లేవడం ఐదింటికి, ధ్యానం, యోగా, పుస్తకం, చక్కెర మానడం అని వరసగా రాసేవాళ్లుంటారు. ఆ ఐదూ కలిసి రెండు వారాలు కూడా నడవవు. ఏది ఎంచుకోవాలో తోచకపోతే, ఈ మధ్య రోజూ కొద్దికొద్దిగా ఇబ్బంది పెడుతున్నదేమిటో చూడండి. మెట్లెక్కితే ఆయాసమా? నెలాఖరుకు డబ్బెటు పోయిందో తెలియకపోవడమా? మీటింగులో నోరు పెగలకపోవడమా? రోజూ గుచ్చుకునే చోట మొదలుపెడితే ఫలితం కూడా రోజూ కనిపిస్తుంది. పదేళ్ల తర్వాత ఎలా ఉండాలన్న ఆలోచన పెద్దగా నడిపించదు.

రెండో అడుగు: మూడు రోజులు ఏమీ మార్చకుండా గమనించండి

వెండీ వుడ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు కొంతమందిని గంటకోసారి తాము ఏం చేస్తున్నారో రాయమన్నారు. 2002లో అచ్చయిన ఆ పరిశోధనలో, రాసిన పనుల్లో సుమారు 43 శాతం దాదాపు రోజూ ఒకే సందర్భంలో చేసేవేనని తేలింది. చాలాసార్లు ఆ పని చేస్తున్నప్పుడు మనసు ఇంకెక్కడో ఉంటుంది. మీ రోజులోనూ ఇలాంటి పనులు బోలెడుంటాయి. కొత్త అలవాటును వాటిలో ఒకదాని వెనక నిలబెట్టాలి. అందుకు ముందు అవేమిటో తెలియాలి.

ఒక కాగితం జేబులో పెట్టుకుని మూడు రోజులు రాయండి. అందులో ఒకటి ఆదివారమై ఉండాలి. పాల ప్యాకెట్ లోపలికి తెచ్చుకోవడం, మున్సిపల్ నీళ్లు పట్టడం, మొదటి టీ, స్నానం, దీపం పెట్టడం, కుక్కర్ స్టవ్ మీదకు ఎక్కించడం, బాక్సులు కట్టడం, బండి తాళం చేతిలోకి తీసుకోవడం, ఆఫీసులో కార్డు కొట్టడం, రాత్రి కంచాలు తీయడం, గేటుకు తాళం వేయడం. ఇలా ఏది ఎప్పుడు జరిగితే అది.

ఇందులోంచి ఒక "ముందు పని" ఎంచుకోండి. కొత్త అలవాటు దాని వెనకే రావాలి. మంచి ముందు పని ఆదివారమూ పండగా తేడా లేకుండా రోజూ జరుగుతుంది, ఒకే చోట జరుగుతుంది, ఎక్కడ ముగిసిందో స్పష్టంగా తెలుస్తుంది. రాత్రి కంచాలు తీయడానికి ఈ మూడూ ఉన్నాయి. టీ అంత నమ్మకమైనది కాదు, రోజుకు నాలుగుసార్లు తాగేవాళ్లకు ఏ టీ అన్నది తేలదు. మున్సిపల్ నీళ్లు రోజు మార్చి రోజు వచ్చే కాలనీలో నీళ్లు పట్టడం పనికిరాదు. అలారం కూడా నాకు అంతగా నచ్చదు, నిద్రలోనే చెయ్యి చాచి నొక్కేస్తాం. "తీరిక దొరికినప్పుడు" అన్నది మాత్రం అసలు లెక్కలోకే రాదు.

ఎంచుకున్నాక ఒక వాక్యం రాయాలి: "ఫలానా పని అవగానే, ఫలానా చోట, ఫలానాది చేస్తాను." పీటర్ గోల్‌విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ రకం వాక్యాల మీద చాలా పరిశోధన చేసి, 1999లో ఆ ఫలితాలను ఒకచోట చేర్చి రాశారు. ఉత్త సంకల్పం చెప్పుకున్నవాళ్ల కన్నా ఎప్పుడు, ఎక్కడ, ఎలా అని ముందే నిర్ణయించుకున్నవాళ్లు పనిని పూర్తిచేసే అవకాశం ఎక్కువని ఆ ఫలితాల సారం. ఆ సమయం వచ్చినప్పుడు మళ్లీ ఆలోచించాల్సిన అవసరం ఉండదు.

కొన్ని నమూనాలు ఇస్తాను, మీ ఇంటికి తగ్గట్టు మార్చుకోండి.

పోటీ పరీక్షలకు చదువుతూ అశోక్‌నగర్‌లోనో, అవనిగడ్డలోనో హాస్టల్లో ఉన్న విద్యార్థికి: "మధ్యాహ్నం మెస్‌లో ప్లేటు కడిగి పెట్టగానే, నా బల్ల దగ్గర కూర్చుని, నిన్న చదివినది పుస్తకం చూడకుండా ఐదు వాక్యాలు రాస్తాను." చదివిన మర్నాటికే ఎంత మర్చిపోతామో జర్మనీలో ఎబ్బింగ్‌హాస్ 1885లోనే కొలిచి చూపించాడు. మళ్లీ గుర్తు చేసుకుంటే ఆ మరుపు నెమ్మదిస్తుంది.

రాత్రి షిఫ్టు చేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి: "క్యాబ్ దిగి ఇంట్లోకి రాగానే, హాల్లో, ఫోన్ ఛార్జింగ్‌కు పెట్టేసి పడకగదిలోకి వెళ్తాను." ఇతనికి ఉదయం ఐదింటి అలవాట్లన్నీ దండగ సలహాలే. అతని పగలు ఎప్పుడు మొదలవుతుందో అప్పటి నుంచే లెక్క వేయాలి.

కువైట్‌లోనో దుబాయ్‌లోనో పనిచేస్తున్న వాళ్లకు: "శుక్రవారమైనా మరే రోజైనా, డ్యూటీ బట్టలు మార్చుకోగానే, రూమ్‌లో మంచం మీద కూర్చుని, ఆ రోజు ఖర్చు నోట్‌బుక్‌లో రాస్తాను." ఊరికి డబ్బు పంపే ముందు చేతిలో ఎంత ఉందో తెలియడానికి ఇంతకన్నా తేలిక మార్గం లేదు.

ఇల్లు నడిపే గృహిణికి: "పొద్దున బాక్సులు కట్టి వెళ్లేవాళ్లు వెళ్లాక తలుపు వేయగానే, బాల్కనీలో, పది నిమిషాలు నాకు నచ్చింది చదువుతాను." ఇక్కడ ఒక మాట. మన ఇళ్లలో ఆడవాళ్ల పది నిమిషాలను ఎవరైనా అడిగి తీసేసుకోవచ్చన్నట్టు ఉంటుంది వ్యవహారం. ఆ పది నిమిషాల్లో కాలింగ్ బెల్ మోగితే తలుపు తీసేది ఎవరో ఇంట్లో ముందే మాట్లాడుకోవాలి. అది తేలకుండా ఏ పద్ధతీ పనిచేయదు.

మూడో అడుగు: రెండు కొలతలు పెట్టుకోండి

అన్నిటికన్నా ముఖ్యమైన అడుగు ఇది, ఎక్కువమంది దాటేసేదీ ఇదే.

ప్రతి అలవాటుకూ రెండు కొలతలు రాసుకోవాలి. మామూలు రోజున చేసేది ఒకటి, చెడ్డ రోజున చేసేది ఒకటి. చదవడమైతే మామూలుగా పది పేజీలు, చెడ్డ రోజున ఒక పేరా. నడకైతే మామూలుగా ఇరవై నిమిషాలు, చెడ్డ రోజున గేటు దాకా వెళ్లి రావడం. సంగీత సాధనైతే మామూలుగా సరళీ వరసలు మూడు కాలాల్లో, చెడ్డ రోజున శ్రుతి పెట్టి ఒకే ఒక్క వరస. చిన్న కొలత చేసినా ఆ రోజు చేసినట్టే లెక్క, సగం మార్కులు ఉండవు.

చెడ్డ రోజు కొలత సరైనదో కాదో తేల్చడానికి నాలుగు సందర్భాలు ఊహించుకోండి. చెల్లెలి పెళ్లి, ఇంటినిండా చుట్టాలు, బాత్రూమ్ కూడా ఖాళీ లేదు. లేదా రాత్రి పదకొండింటికి ఇంటికొచ్చారు, తల పగిలిపోతోంది. లేదా విజయవాడ నుంచి హైదరాబాద్ బస్సులో ఉన్నారు. లేదా ఇంట్లో పెద్దగా గొడవైంది, ఎవరితోనూ మాట్లాడాలని లేదు. ఈ నాలుగింటిలోనూ చేయగలననిపిస్తే కొలత సరిపోయింది. ఒక్కదాంట్లో అనుమానం వచ్చినా ఇంకా తగ్గించండి. తగ్గించడానికి సిగ్గుపడకండి, ఎవరికీ చూపించేది కాదు ఇది.

"ఒక పేరా చదివితే ఏం ఒరుగుతుంది?" అని అడగొచ్చు. ఆ పేరా వల్ల కలిగే జ్ఞానం కొంచెమే. కంచాలు తీశాక పుస్తకం దగ్గరకు వెళ్లే దారి తెగిపోకుండా ఉండడానికి ఆ పేరా. మర్నాడు పది పేజీలు చదివేది ఆ దారినే కదా. పైగా పుస్తకం చేతిలోకి వచ్చాక పేరాతో ఆపడం కష్టమని చాలా రోజుల్లో మీకే తెలుస్తుంది.

కొంచెం లెక్క చూద్దాం. ఏడాదిలో 300 రోజులు పది పేజీల చొప్పున చదివితే 3,000 పేజీలు. 200 పేజీల పుస్తకాలైతే 15. ఇప్పుడు ఏడాదికి ఒక్క పుస్తకమూ పూర్తిచేయని వాళ్లకు ఇది పెద్ద మార్పే. రోజుకు 20 రూపాయలు పక్కన పెడితే ఏడాదికి 7,300. ఇలాంటి లెక్కలు నేను నమ్ముతాను, ఎందుకంటే ఇవి ఉత్త కూడికలు. "రోజుకు ఒక శాతం మెరుగైతే ఏడాదికి 37 రెట్లు మెరుగవుతావు" అని వాట్సాప్‌లో తిరిగే లెక్క మాత్రం నాకు చిరాకు. 1.01ని 365 సార్లు గుణిస్తే 37.8 వచ్చే మాట నిజమే, కానీ అది చక్రవడ్డీ గణితం. ఈ రోజు నడిచిన నడక మీద రేపు వడ్డీ పడదు. కొంతకాలం ఏమీ మారినట్టు ఉండదు, ఒకరోజు మెట్లెక్కాక ఆయాసం రాలేదని గమనిస్తాం, మళ్లీ కొంతకాలం అలాగే ఉంటుంది. 37 రెట్లు ఆశించినవాడు మూడో వారంలో నిరాశపడి మానేస్తాడు.

నాలుగో అడుగు: ఇంట్లో వస్తువులు జరపండి

దీక్షలో మాల చేసే పనిని మన ఇంట్లో వస్తువులు చేయాలి. పుస్తకం చదవాలంటే అది అల్మరాలో కాక దిండు మీద ఉండాలి. పక్క సర్దేటప్పుడే పెట్టేస్తే రాత్రి దాన్ని జరపనిదే పడుకోవడం కుదరదు. నడకకు చెప్పులో బూట్లో గుమ్మం దగ్గరే ఉండాలి. తంబురా యాప్ అయినా శ్రుతిపెట్టె అయినా చాప పక్కనే ఉండాలి.

వదిలించుకోవాల్సిన వాటికి దీనికి తిరగేసి చేయాలి, వాటికీ మీకూ మధ్య దూరం పెంచాలి. పడకగదిలో ఛార్జర్ తీసేసి హాల్లో పెట్టండి. "మరి అలారం?" అంటారు. చిన్న గడియారం ఒకటి కొనండి, పెద్ద ఖర్చేమీ కాదు. బిస్కెట్ డబ్బా ఎత్తు అరలోకి, స్టూలు వేసుకుంటే గానీ అందనంత పైకి చేరిస్తే సగం సార్లు లేచి వెళ్లబుద్ధి కాదు.

మన వంటింటికి సంబంధించి ఒక మంచి ఉదాహరణ ఉప్పు. పెద్దవాళ్లు రోజుకు 5 గ్రాముల కన్నా తక్కువ ఉప్పు తీసుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది, అంటే ఇంచుమించు ఒక టీ చెంచాకు లోపు. కూరలో ఉప్పు, చారులో ఉప్పు, ఆవకాయలో ఉప్పు, ఆ పైన పెరుగన్నంలో విడిగా మరికాస్త. కూరల రుచి మార్చబోతే ఇంట్లో యుద్ధమే. భోజనాల బల్ల మీది ఉప్పు డబ్బాను వంటింట్లోకి జరిపితే మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కావాలంటే లేచి తెచ్చుకోవచ్చు. పెరుగన్నంలోకి ఉప్పు కోసం లేచేంత ఓపిక చాలామందికి ఉండదు. బీపీ ఉన్నవాళ్ల ఇంట్లో నేనైతే మొదట ఇదే చేయమంటాను, ఇందులో మనోబలం ఖర్చు ఏమీ లేదు.

ఐదో అడుగు: మొదటి రెండు మూడు నెలలు

21 రోజులు చేస్తే అలవాటైపోతుందనే మాట ప్రతి మోటివేషన్ క్లాసులోనూ వినిపిస్తుంది. దాని మూలం ఒక అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకం. ఆపరేషన్ తర్వాత మారిన ముఖానికి అలవాటు పడడానికి తన రోగులకు కనీసం మూడు వారాలు పడుతోందని ఆయన గమనించాడు. ఆ "కనీసం" కాస్తా చెవులు మారుతూ ఎక్కడో రాలిపోయింది.

కొలిచి చూసినవాళ్లు లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమె బృందం. 2009లో వెలువడిన ఆ అధ్యయనంలో 96 మంది తలా ఒక కొత్త పని ఎంచుకుని 12 వారాలు చేశారు. పని ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషికీ మనిషికీ తేడా మాత్రం చాలా ఎక్కువ, 18 రోజుల నుంచి 254 రోజుల దాకా. 12 వారాలు దాటిన అంకెలు వాళ్లు గీతను ముందుకు పొడిగించి వేసిన అంచనాలు. గ్లాసు నీళ్లు తాగడంలాంటివి త్వరగా కుదురుకున్నాయి, వ్యాయామానికి ఎక్కువ కాలం పట్టింది. ఒక రోజు తప్పితే అలవాటు ఏర్పడడంలో చెప్పుకోదగ్గ నష్టం లేదని కూడా అందులోనే తేలింది.

కాబట్టి మీకు ఎన్ని రోజులన్నది ముందుగా ఎవరూ చెప్పలేరు. రెండు నెలలు దాటినా ఇంకా కష్టంగానే ఉంటే మీలో లోపమేమీ లేదు. మొదటి వారం ఉత్సాహం మీద నడిచిపోతుంది. రెండో వారం నుంచి విసుగు మొదలవుతుంది, ఎక్కువమంది మానేసేది ఆ రోజుల్లోనే. అప్పుడు చెడ్డ రోజు కొలతను ధారాళంగా వాడండి. వారంలో నాలుగు రోజులు ఒక్క పేరాతోనే సరిపెట్టినా తప్పులేదు. చేయకపోతే స్నానం చేయనట్టు ఏదో వెలితిగా అనిపించడం మొదలైందంటే అలవాటు పడినట్టే.

ఆరో అడుగు: గోడ క్యాలెండర్ మీద గుర్తు

మన వంటింటి గోడకు ఎలాగూ తిథులూ వర్జ్యాలూ ఉన్న క్యాలెండర్ వేలాడుతుంటుంది. పాలు వేయించుకోని రోజులు, గ్యాస్ బండ మార్చిన తేదీ, పనమ్మాయి రాని రోజులు అన్నీ దాని మీదే. మీ అలవాటుకూ అక్కడే ఒక గీత గీయండి. పక్కనే పెన్ను దారంతో కట్టి ఉంచండి, లేకపోతే పెన్ను కోసం వెతకడమే మరో పనవుతుంది.

ఫోన్ యాప్‌లు వరసగా ఎన్ని రోజులు చేశారో లెక్కపెట్టి నిప్పు బొమ్మలు చూపిస్తాయి. నాకు వాటి మీద సదభిప్రాయం లేదు. నలభై రోజుల వరస ఒక జ్వరంతో సున్నా అయిపోతే మనిషి మళ్లీ మొదలుపెట్టడు. మీరు నెలలో మొత్తం గీతలెన్నో లెక్కపెట్టండి. మొదటి నెల 18 వస్తే బాగున్నట్టే. రెండో నెల 22 వస్తే ఇంకా బాగున్నట్టు.

ఏడో అడుగు: తెగిపోయినప్పుడు

తెగుతుంది. సంక్రాంతికి ఊరెళ్తారు, భోగి నుంచి కనుమ దాకా పడుకునే చోటూ తినే వేళా మీ చేతిలో ఉండవు. పురుడుకు పుట్టింటికి వెళ్తారు. పిల్లల పరీక్షలు వస్తాయి. ముందు పని మాయమైనప్పుడు దాని వెనక పని కూడా మాయమవుతుంది, ఇందులో ఆశ్చర్యం లేదు. ఊరెళ్లే ముందే అక్కడికి తగ్గ ముందు పని అనుకుని వెళ్లండి: "అమ్మమ్మగారింట్లో పొద్దున పళ్లు తోముకోగానే, పెరట్లో." అది కూడా కుదరకపోతే ఆ మూడు రోజులు సెలవని మీరే ప్రకటించుకోండి. ప్రకటించిన సెలవుకూ జారిపోయిన రోజుకూ తిరిగి రావడంలో చాలా తేడా ఉంది.

తిరిగి మొదలుపెట్టేటప్పుడు రెండు జాగ్రత్తలు. మొదటి రోజు చెడ్డ రోజు కొలతే చేయాలి, ఎంత ఓపిక ఉన్నా సరే. తప్పిన రోజుల బాకీ తీర్చబోకండి. నాలుగు రోజుల నడక ఒకే రోజు నడిస్తే మోకాళ్లు పట్టేసి ఐదో రోజూ పోతుంది.

ఇంట్లోవాళ్ల ఎత్తిపొడుపులు కూడా తెంచుతాయి. "ఏమండీ, వాకింగ్ అన్నారు, అప్పుడే అయిపోయిందా?" అని నవ్వుతూ అన్నా సరే, మర్నాడు బూట్లు తొడుక్కోవడానికి మొహమాటంగా ఉంటుంది. "తొమ్మిదింటికి నాతో పాటు గేటు దాకా రా, చాలు" అని ఆవిడనే తోడు పిలవడం మేలు. దీక్షలో తోటి స్వాములు చేసే పని ఇంట్లో ఒక్కరు చేసినా చాలు. స్టేటస్‌లో పెట్టి నలుగురికీ చాటాల్సిన పని లేదు. పొగడ్తలు అప్పుడే అందేశాక పని చేయాలన్న ఆత్రం తగ్గుతుందని నా అనుమానం.

ఒక అలవాటును మొదటి నుంచి చివరి దాకా చూద్దాం: ఖర్చుల పద్దు

2016లో యూపీఐ వచ్చాక చేతిలోంచి నోటు వెళ్తున్న బాధ పోయింది. టీకి 15, ఆటోకు 60, ఆన్‌లైన్‌లో ఏదో 349. ఫోన్ టింగ్ మంటుంది, అంతే. నెల ఇరవయ్యో తారీకు వచ్చేసరికి టెన్షన్ మొదలు. మన తాతలు పద్దు పుస్తకం రాసేవారు. ఇప్పుడు అది ఇంకా తేలిక, సగం లెక్క ఫోనే రాసి పెడుతుంది.

వాక్యం: "రాత్రి కంచాలు తీయగానే, అదే బల్ల దగ్గర కూర్చుని, ఆ రోజు ఖర్చు రాస్తాను." మామూలు కొలత: పేమెంట్ యాప్‌లో హిస్టరీ తెరిచి ప్రతి ఖర్చూ ఒక వరుసలో రాయడం, నగదుగా ఇచ్చినవి గుర్తున్నంత వరకు చేర్చడం. చెడ్డ రోజు కొలత: మొత్తం ఒక్క అంకె రాసి తేదీ వేయడం. వస్తువు: రూళ్ల నోట్‌బుక్, పెన్ను, రెండూ బల్ల మీదే.

మొదటి నెల ఖర్చు తగ్గించడానికి అస్సలు ప్రయత్నించకండి. తగ్గించాలనుకుంటే రాయడానికి భయం పుడుతుంది, భయం పుడితే అబద్ధం రాస్తాం లేదా మానేస్తాం. నెలాఖరున ఒక గంట కూర్చుని తిండి, ప్రయాణం, పిల్లలు, మందులు, ఈఎంఐలు, "ఎందుకు కొన్నానో తెలియదు" అని ఆరు కుప్పలు వేయండి. ఆరో కుప్ప చూసి చాలామంది కాసేపు మాట్లాడరు.

రెండో నెల ఆరో కుప్పలోంచి ఒక్క రకం ఖర్చు మాత్రం తీసేయండి. మిగిలిన డబ్బు ఖాతాలోనే ఉంటే మరో చోట ఖర్చవుతుంది, కాబట్టి దానికో చోటు చూపించాలి. పోస్టాఫీసు రికరింగ్ డిపాజిట్ నెలకు 100 రూపాయలతో కూడా తెరవొచ్చు, గడువు 5 ఏళ్లు. బ్యాంకులోనైతే జీతం పడిన మర్నాడే దానంతటదే మళ్లేట్టు పెట్టుకోవచ్చు. పెద్ద మొత్తంతో మొదలుపెట్టి నాలుగో నెల కట్టలేక ఆపేయడం కన్నా 300తో మొదలుపెట్టి 60 నెలలూ కట్టడం నయం. ఇక్కడ కూడా మీ చెడ్డ నెలనే కొలతగా పెట్టుకోండి, బోనస్ వచ్చిన నెలను కాదు.

వ్యసనాల విషయంలో వేరే దారి

రోజూ ఎక్కువగా మద్యం తాగేవాళ్లకు పై పద్ధతి చాలదు. దీక్ష కోసమైనా, మరెందుకైనా ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్, మతి భ్రమించడం రావచ్చు, ప్రాణం మీదకు కూడా రావచ్చు. మానే ముందు డాక్టర్‌ను కలవాలి. పొగాకు మానడానికి ప్రభుత్వ ఉచిత ఫోన్ సహాయం ఉంది: 1800-11-2356. దిగులు, ఆందోళన లాంటి మానసిక సమస్యలకు టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. ఏ పనీ చేయాలనిపించని స్థితి వారాల తరబడి ఉంటే అది బద్ధకం కాకపోవచ్చు. అలాంటప్పుడు క్యాలెండర్ మీద గీతల గొడవ పక్కన పెట్టి ముందు ఆ సహాయం తీసుకోండి. షుగర్‌కు ఇన్సులిన్ తీసుకునేవాళ్లు కూడా కొత్తగా నడక మొదలుపెడుతుంటే డాక్టర్‌తో ఒక మాట చెప్పాలి.

ఎనిమిదో అడుగు: పెంచడం, మార్చడం, మానేయడం

నెల చివరి రోజు క్యాలెండర్ పేజీ తిప్పే ముందు దాని వెనకే మూడు జవాబులు రాయండి. ఎన్ని గీతలు? తప్పిన రోజుల్లో ఏం జరిగింది? దీనివల్ల నాకు ఏదైనా తేలికైందా?

రెండు నెలలు వరసగా 22కు పైగా గీతలు ఉంటే మామూలు కొలతను కొద్దిగా పెంచొచ్చు. చెడ్డ రోజు కొలతను మాత్రం ఎప్పటికీ పెంచకండి. 15 కన్నా తక్కువ ఉంటే అలవాటును తిట్టే ముందు, దాని "ముందు పని"ని అనుమానించండి. తప్పిన రోజులన్నీ శనివారాలే అయితే, శనివారం మీ ఇంట్లో రాత్రి భోజనం బయటేమో చూడండి.

మూడో ప్రశ్నకు మూడు నెలలు వరసగా "లేదు" అని వస్తే ఆ అలవాటును మానేయండి. ఐదింటికి లేవడం నలుగురూ గొప్పగా చెప్పుకున్నారని మొదలుపెట్టి, పగలంతా ఆవలిస్తూ తిరుగుతుంటే దాన్ని పట్టుకు వేలాడటంలో ఘనత లేదు. రెండో అలవాటు మొదలుపెట్టేది మొదటిది తలచుకోకుండానే జరిగిపోతున్నప్పుడు. దానికి వేరే ముందు పని చూసుకోండి. రాత్రి కంచాల వెనక ఇప్పటికే ఖర్చుల పద్దు ఉంటే, నడకను కూడా అక్కడే ఇరికించకుండా గేటు తాళం వేసే వేళకు మార్చండి. ఎలాగూ గేటు దాకా వెళ్లాలి, ఇంకో పది నిమిషాలు ఆలస్యంగా తాళం వేస్తే సరిపోతుంది.